ప్యాడ్స్‌కూ శ్రుతి చేసుకునే సమయం ఇవ్వండి

సంపాదకుల వారికి నమస్కారం.

పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాల గురించి మీ పత్రికలో ఈమధ్య వచ్చిన వ్యాసం చదివాను. స్టిక్‌తో కొడితే రకరకాల వాద్యాల శబ్దాలు పలికించే ఎలక్ట్రానిక్ ప్యాడ్స్ వచ్చాక ఢోలక్, తబలా వాయించేవాళ్లకు పని తగ్గిపోయిందన్నది నిజం. నేనూ ఢోలక్‌తో మొదలుపెట్టి ప్యాడ్స్‌కు వచ్చినవాణ్ణే కాబట్టి ఆ బాధ నాకు తెలుసు. కానీ ప్యాడ్‌కు ప్రాణం ఉండదనీ, మెల్లగా కొట్టినా గట్టిగా కొట్టినా ఒకటే మోత అనీ రాసింది మాత్రం ఒప్పుకోలేను. ఆ ఒకటే మోతకు కారణం ఉంది. దాన్ని సరిచేసుకునే ఏర్పాటు కూడా ఆ ప్యాడ్స్ మెషిన్‌లోనే ఉంది.

ప్యాడ్ మీది రబ్బరు కింద పీజో బిళ్ల ఉంటుంది. స్టిక్‌తో కొడితే ఆ అదురుకు చిన్న కరెంటు పుడుతుంది. దెబ్బ గట్టిదైతే ఎక్కువ, మెత్తనిదైతే తక్కువ. మెషిన్ దాన్ని 1 నుంచి 127 వరకు ఏదో ఒక అంకెగా మార్చుకుని, ఆ అంకెను బట్టి శబ్దం పలికిస్తుంది. సెన్సిటివిటీని, అంటే ఎంత దెబ్బకు ఎంత అంకె ఇవ్వాలన్న సర్దుబాటును, చివరిదాకా పెంచి వదిలేస్తే మామూలు దెబ్బకే 127 వచ్చేస్తుంది. ఇక ఎంత నాజూగ్గా వాయించినా వినేవాళ్లకు తేడా తెలియదు. మా గుంటూరు, తెనాలి వైపు స్టేజీల మీద నేను చూసిన ప్యాడ్స్‌లో చాలావాటిది ఇదే పరిస్థితి. వాయించేవాడి వైపు మానిటర్ స్పీకర్ పెట్టరు, తన దెబ్బ తనకే వినపడదు. పాపం ఏం చేస్తాడు? మిక్సర్ దగ్గర పెంచాల్సిన వాల్యూమ్‌కు బదులు చేతికందే సెన్సిటివిటీని పెంచేస్తాడు.

అసలు చేయాల్సిన పద్ధతి వేరు. ఆ రోజు పాటల్లో తాను కొట్టబోయే అన్నిటికన్నా గట్టి దెబ్బ కొట్టి చూడాలి. ఆ ఒక్క దెబ్బకే 127 అందేలా సెన్సిటివిటీ తగ్గించుకుంటూ రావాలి. అప్పుడు పల్లవిలో నిండుగా వాయించి, చరణంలో గాయని గొంతు దించగానే మనమూ దించడానికి కింద చోటు మిగులుతుంది. తర్వాత థ్రెషోల్డ్, అంటే ఎంత చిన్న కదలికను దెబ్బగా లెక్కపెట్టాలన్నది. స్టిక్ కొనతో తాకీ తాకనట్టు కొట్టినా పలకాలి, పక్కన ఎవరైనా నడిచినా పలకకూడదు. ఈ రెండిటి మధ్య అది నిలవాలి. సెన్సిటివిటీ మారితే మిగతావన్నీ మారిపోతాయి కాబట్టి దాన్నే ముందు తేల్చుకోవాలి.

ఒక దెబ్బకు రెండుసార్లు పలుకుతుంటే మాస్క్ టైమ్, అంటే ఒక దెబ్బ పడ్డాక ఎంతసేపు ఇంకో దెబ్బను లెక్కపెట్టకూడదన్నది, పెంచాలి. ఇక్కడ చాలామంది అవసరానికి మించి పెంచేస్తారు. సెకనుకు పన్నెండు దెబ్బలు పడే రోల్ వాయిస్తే దెబ్బకూ దెబ్బకూ మధ్య 83 మిల్లీసెకన్లే ఉంటుంది. మాస్క్ అంతకు మించిందంటే రోల్‌లో సగం దెబ్బలు మింగేస్తుంది. చేయి తప్పిందని ఆ కుర్రాణ్ణి తిడతారు గానీ తప్పు చేతిది కాదు. ఒక ప్యాడ్ కొడితే పక్క ప్యాడ్ కూడా పలికితే అది క్రాస్‌టాక్. దాన్ని అన్నిటికన్నా చివర్లో చూసుకోవాలి.

చర్చిల్లో ఇప్పుడు వలపొర, అంటే రబ్బరుకు బదులు సన్నని వలలాంటి పొర, ఉన్న ఎలక్ట్రానిక్ డ్రమ్స్ బాగా వాడుతున్నారు. రోలాండ్ కంపెనీ 1985లో ఎనిమిది ప్యాడ్స్ ఉన్న ఆక్టోప్యాడ్, 1997లో వలపొరతో వీ-డ్రమ్స్ తెచ్చింది. అంతకుముందు 1981లో ఇంగ్లండ్‌లోని సిమన్స్ కంపెనీ తెచ్చిన ఆరుకోణాల ప్యాడ్స్ పైభాగం మరీ గట్టిగా ఉండి, వాయించేవాళ్ల మణికట్లు నొప్పెట్టేవి. వలపొర ఆ బాధ తీర్చింది కానీ దానికి పని ఎక్కువ. బోల్టులను కీతో కొద్దికొద్దిగా, ఒకదాని తర్వాత దానికి ఎదురుగా ఉన్నదాన్ని తిప్పుతూ బిగించాలి. ఒక పక్కే బిగిస్తే దెబ్బ పడిన చోటును బట్టి శబ్దం మారుతుంది. మధ్యలో సెన్సార్ ఉన్న ప్యాడ్‌లో వల కింద చిన్న స్పాంజి ముక్క ఉంటుంది. వాడగా వాడగా అది అణిగిపోయి వలకు సరిగా ఆనకపోతే, మెషిన్‌లో ఎన్ని అంకెలు మార్చినా లాభం లేదు. ముందు ఆ స్పాంజి మార్చాలి.

ఇక స్టేజీ సంగతి. ఇంట్లో చక్కగా పెట్టుకున్నది పందిట్లో పనిచేయదు. చెక్క బల్లల స్టేజీ మీద బేస్ బాక్సులు పెడతారు. కిక్, అంటే పెద్ద డ్రమ్ శబ్దం, పలికినప్పుడల్లా బల్లలు అదిరి, ఆ అదురు స్టాండ్ కాళ్ల గుండా ప్యాడ్‌లోకి వచ్చి, ఎవరూ కొట్టకుండానే మళ్లీ పలుకుతుంది. అలాంటప్పుడు వెంటనే థ్రెషోల్డ్ పెంచకూడదు, పెంచితే మెత్తని దెబ్బలు పోతాయి. ముందు స్టాండ్‌ను బాక్సుకు దూరంగా జరిపి, కాళ్ల కింద దళసరి రబ్బరు మ్యాట్ గానీ మడతపెట్టిన దుప్పటి గానీ వేయాలి. అప్పటికీ ఆగకపోతేనే థ్రెషోల్డ్ ముట్టుకోవాలి. ఇవన్నీ బాక్సులు ఆన్ చేశాకే తెలుస్తాయి.

కచేరీలో మృదంగ విద్వాంసుడు రాయితో తట్టుకుంటూ శ్రుతి చేసుకుంటుంటే సభంతా ఓపిగ్గా కూర్చుంటుంది. ప్యాడ్స్ వాయించేవాడు సరిచేసుకుంటానంటే మాత్రం ప్లగ్ పెట్టి మొదలుపెట్టు అంటారు. పోయిన శ్రీరామనవమికి ఒక పందిట్లో, మైక్ టెస్టింగ్ అయిపోయిందని చెప్పి, నాకు ఒక్క దెబ్బ కొట్టి చూసుకునే వీలు కూడా ఇవ్వలేదు. కార్యక్రమాలు పెట్టేవాళ్లను నేను కోరేది ఒక్కటే. స్పీకర్లన్నీ ఆన్‌లో ఉండగా మాకు అరగంట ఇవ్వండి, మా వైపు ఒక మానిటర్ పెట్టించండి.

విజయనగరం, విజయవాడ, హైదరాబాద్ ప్రభుత్వ సంగీత కళాశాలల్లో మృదంగం నేర్చుకునే పిల్లలు చదువయ్యాక ఆర్కెస్ట్రాల్లోకి వస్తే వాళ్లకూ ప్యాడ్స్ తప్పవు. లయజ్ఞానం వాళ్లకు పుష్కలంగా ఉంటుంది, ఈ సర్దుబాట్లే ఎవరూ చెప్పరు. కొద్ది రోజుల శిక్షణ పెట్టినా వాళ్లకు పనికొస్తుంది. నా దగ్గర నేర్చుకుంటున్న ఒక అమ్మాయి చేయి చాలా తేలిక. కొన్నాళ్లు ప్యాడ్స్ తనవల్ల కాదనుకుంది. కర్వ్, అంటే దెబ్బ పెరిగేకొద్దీ అంకె ఎలా పెరగాలన్నది, మార్చి, చిన్న దెబ్బలకే అంకె త్వరగా పైకి వచ్చేలా పెట్టాం. ఇప్పుడు ఆ అమ్మాయి ఢోలక్ నడకలు వాయిస్తుంటే గుంకీలు, అంటే జారుతూ పలికే బరువైన నాదాలు, కూడా విడివిడిగా వినపడుతున్నాయి.

వ్యాసం రాసినవారు ఒకసారి మా ఇంటికి వచ్చి ఆ నడకలు వినాలని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను. తమ ప్యాడ్ సరిగా పలకడం లేదనుకునే కుర్రాళ్లు ఎవరైనా సరే ఆదివారం పొద్దున దాన్ని తీసుకొస్తే డబ్బులేమీ తీసుకోకుండా చూసిపెడతాను. అడిగినవాళ్లకు ఇమ్మని నా ఫోన్ నంబరు మీ కార్యాలయంలో ఇచ్చాను. వచ్చేటప్పుడు తాము వాయించే స్టిక్స్ కూడా వెంట తెచ్చుకోవాలి, సర్దాల్సింది వాటికీ ఆ చేతికీ కాబట్టి.

ఇట్లు,
ఒక ప్యాడ్స్ వాద్యకారుడు,
తెనాలి