తాళం తీసే ముందు, వేసిందెవరో చూడండి

సంపాదకుల వారికి, నమస్కారం.

ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబు మొదలు ట్యాలీని క్లౌడ్‌లో పెట్టుకున్న చిన్న ఆఫీసు దాకా ఇవాళ వర్చువల్ మెషీన్ (కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఇంకో కంప్యూటర్) వాడని చోటు తక్కువ. అది తెరుచుకోకపోతే వాట్సాప్ గ్రూపుల్లో దొరికే సలహా మాత్రం ఒక్కటే: 'లాక్ ఫైళ్లు డిలీట్ చేసి మళ్లీ స్టార్ట్ చెయ్యి'. చాలాసార్లు పనిచేస్తుంది కాబట్టే అది ప్రమాదకరమైన సలహా. సర్వర్లు చూసుకునే పనిలో ఉన్నవాళ్లం కనుక, దాని మిగతా సగం చెప్పాలని ఈ ఉత్తరం. ఆజ్ఞల పేర్లు తెలుగు లిపిలో రాస్తున్నాం. కొట్టేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి.

వర్చువల్ మెషీన్‌కు డిస్కు అంటే చాలాచోట్ల, హోస్టు కంప్యూటర్‌లో (దాన్ని మోస్తున్న అసలు కంప్యూటర్) ఉన్న ఒక పెద్ద ఫైలు. లోపలి ఎక్స్‌టీ4, ఎన్‌టీఎఫ్‌ఎస్ వంటి ఫైల్ సిస్టమ్‌లు (డిస్కులో ఫైళ్ల లెక్క చూసే ఏర్పాట్లు) ఆ డిస్కు తమ ఒక్కరిదేనని నమ్ముతాయి. ఏ బ్లాకు ఖాళీగా ఉందో మెమరీలో లెక్క పెట్టుకుని ఆ లెక్క ప్రకారమే రాస్తాయి. ఒకే డిస్కును రెండు మెషీన్లు ఒకేసారి తెరిస్తే ఒకదాని లెక్క రెండోదానికి తెలియదు. ఒకరు రాసిన చోటే ఇంకొకరు రాస్తారు, కాసేపట్లోనే డైరెక్టరీలు చెల్లాచెదురవుతాయి. దాన్ని ఆపడానికే లాక్. అందుకే ముందు తేల్చుకోవాల్సింది, లాక్ వేసిన ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రామ్) ఇంకా బతికి ఉందా, చచ్చిపోయి తాళం మాత్రం మిగిలిందా అన్నది.

వీఎంవేర్ వర్క్‌స్టేషన్‌లో ఈ బాధ ఎక్కువగా కరెంటు పోయినప్పుడు వస్తుంది. 'ఈ మెషీన్ వాడకంలో ఉన్నట్టుంది' అని చెప్పి, టేక్ ఓనర్‌షిప్ అనే బటన్ చూపిస్తుంది. అది నొక్కినా కుదరలేదంటే టాస్క్ మేనేజర్‌లో వీఎంవేర్-వీఎంఎక్స్ అనే ప్రాసెస్ నడుస్తోందేమో చూడాలి. నడుస్తుంటే మెషీన్ వెనకాల బతికే ఉన్నట్టు. అది మూతపడే దాకా ఆగాలి, ఎంతకీ కదలకపోతేనే ఎండ్ టాస్క్. ప్రాసెస్ లేదని రూఢి అయ్యాక వర్క్‌స్టేషన్ మూసేసి, మెషీన్ ఫోల్డర్‌లో డాట్ ఎల్‌సీకే అని ముగిసే ఫోల్డర్లను వేరే చోటికి జరపాలి. డిలీట్ చేయకండి, జరిపితే చాలు. అదే ఊపులో డాట్ వీఎండీకే ఫైళ్ల జోలికి పోవద్దు. పేరులో 000001 లాంటి అంకె ఉన్నవి పాత చెత్తలా కనిపిస్తాయి గానీ అవి స్నాప్‌షాట్ (ఒక క్షణంలోని స్థితిని దాచుకోవడం) తర్వాత రాసిన అసలు డేటా. చోటు కోసం వాటిని తీసేసి, ఆ తర్వాత మెషీన్ పాత తేదీకి వెళ్లిపోయిందనో అసలే లేవడం లేదనో మొత్తుకునేవాళ్లు ఎందరో.

వర్చువల్‌బాక్స్‌లో 'ఆల్రెడీ లాక్డ్ బై ఎ సెషన్' అని వస్తే మెషీన్ విండో లేకుండా వెనక నడుస్తోందేమో చూసి, వీబాక్స్‌మేనేజ్ అనే దాని ఆజ్ఞతో ఏసీపీఐ పవర్ బటన్ సంకేతం (పవర్ బటన్ నొక్కినట్టు) పంపాలి. లోపలి ఆపరేటింగ్ సిస్టమ్ మర్యాదగా మూసుకునే దారి అదే. జవాబు లేకపోతే పవర్ఆఫ్. ప్రాసెస్ చచ్చి సెషన్ మాత్రం ఇరుక్కుంటే స్టార్ట్‌వీఎం ఆజ్ఞకు టైప్ ఎమర్జెన్సీస్టాప్ అని తగిలిస్తే లాక్ వదులుతుంది.

ప్రాక్స్‌మాక్స్ (సర్వర్లలో వర్చువల్ మెషీన్లు నడిపే సాఫ్ట్‌వేర్) నడిపేవాళ్లకు 'వీఎం ఈజ్ లాక్డ్' అన్న మాట పక్కనే బ్రాకెట్లో కారణం కూడా కనిపిస్తుంది: బ్యాకప్, స్నాప్‌షాట్, మైగ్రేట్, క్లోన్. ఆ ఒక్క మాట చదవకుండానే 'క్యూఎం అన్‌లాక్ 100' కొట్టేస్తుంటారు. బ్యాకప్ అని ఉంటే ముందు టాస్కుల జాబితాలో, తర్వాత ప్రాసెస్‌లలో వీజెడ్‌డంప్ అనే బ్యాకప్ ప్రోగ్రామ్ ఇంకా నడుస్తోందా చూడండి. నడుస్తుంటే తీయాల్సిన అవసరమే లేదు, పూర్తయ్యాక అదే పోతుంది. హోస్టు మధ్యలో రీబూట్ అయి బ్యాకప్ తెగిపోతేనే అన్‌లాక్ కొట్టాలి.

లాక్ లేకుండా గడ్డకట్టిపోయే మెషీన్ల సంగతి వేరు. ముందుగా, నిజంగా ఆగిందా? లినక్స్ టెర్మినల్‌లో పొరపాటున కంట్రోల్-ఎస్ పడితే తెర అలాగే నిలిచిపోతుంది. కంట్రోల్-క్యూ కొడితే కదులుతుంది. నవ్వులాట కాదు, దీనికే రీబూట్లు చేసినవాళ్లున్నారు. నిజంగా ఆగిన వాటిలో తరచూ కనిపించే కారణం హోస్టు డిస్కు నిండిపోవడం. మెషీన్‌కు 100 జీబీ డిస్కు ఇచ్చామంటాం, హోస్టు మాత్రం రాసిన మేరకే చోటు కేటాయిస్తుంది. అలా ఐదు మెషీన్లకు ఇచ్చి వెనక 300 జీబీయే ఉంటే ఒకరోజు అన్నీ ఆగుతాయి. కేవీఎంలో (లినక్స్‌లోని వర్చువల్ మెషీన్ వ్యవస్థ) 'విర్ష్ డోమ్‌స్టేట్' ఆజ్ఞకు రీజన్ అని చేరిస్తే 'పాజ్డ్, ఐ/ఓ ఎర్రర్' అని చూపిస్తుంది. ప్రాక్స్‌మాక్స్‌లో ఎల్‌వీఎం-థిన్ (రాసిన మేరకే చోటిచ్చే డిస్కు పద్ధతి) వాడుతుంటే 'ఎల్‌వీఎస్' ఆజ్ఞలో డేటా శాతం, మెటాడేటా శాతం రెండూ చూడాలి. రెండోది నిండినా ఇదే గతి. ఇక్కడ రీసెట్ బటన్ నొక్కడమంత తప్పు ఇంకోటి లేదు. రాయబోయి ఆగిన డేటా మెమరీలో క్షేమంగా ఉంటుంది. హోస్టులో చోటు ఖాళీ చేసి 'విర్ష్ రెస్యూమ్' కొడితే ఆగిన రాత మళ్లీ మొదలవుతుంది. వర్చువల్‌బాక్స్ కూడా అంతే, డిస్కు నిండిందని చెప్పి తానే పాజ్ అవుతుంది. రీసెట్ కొడితే ఆ డేటా పోయినట్టే.

ల్యాబుల్లో ఇంకో కారణం, 8 జీబీ ర్యామ్ ఉన్న కంప్యూటర్‌లో మెషీన్‌కు 6 జీబీ ఇవ్వడం. హోస్టు స్వాప్‌లో (ర్యామ్ చాలక డిస్కును వాడుకోవడం) పడి రెండూ నత్తనడక నడుస్తాయి. సగానికి మించి ఇవ్వకపోవడమే మందు.

పాస్‌వర్డ్ మరిచిపోయిన లినక్స్ మెషీన్‌కు కన్సోల్ (దాని సొంత తెర, కీబోర్డు) అందితే చాలు. రెడ్ హ్యాట్ 7, 8 కుటుంబంలో గ్రబ్ అనే బూట్ మెనూ దగ్గర 'ఈ' నొక్కి, లినక్స్ అని మొదలయ్యే వరుస చివర 'ఆర్‌డీ డాట్ బ్రేక్' చేర్చి కంట్రోల్-ఎక్స్ కొట్టాలి. సిస్‌రూట్‌ను (అసలు సిస్టమ్ ఉన్న చోటు) రాయడానికి వీలుగా రీమౌంట్ చేసి, సీహెచ్‌రూట్‌తో అందులోకి వెళ్లి, 'పాస్‌డబ్ల్యూడీ'తో కొత్త పాస్‌వర్డ్ పెట్టాలి. ఆ తర్వాత రూట్‌లో 'డాట్ ఆటోరీలేబుల్' అనే ఖాళీ ఫైలు సృష్టించడం మరిచిపోతే, పాస్‌వర్డ్ సరిగ్గా కొట్టినా లోపలికి రానివ్వదు. కొత్తగా రాసిన షాడో ఫైలుకు (పాస్‌వర్డ్‌లు దాచేది) ఎస్‌ఈలినక్స్ అనే భద్రతా వ్యవస్థ ముద్ర ఉండదు కాబట్టి. డిస్కు ఎన్‌క్రిప్ట్ అయి ఉండి దాని పాస్‌ఫ్రేజ్ పోయిందంటే మాత్రం ఏ దారీ లేదు.

క్లౌడ్ మెషీన్‌కు కీబోర్డు ఉండదు, అక్కడే జనం బెంబేలెత్తుతారు. అమెజాన్ అద్దెకిచ్చే ఈసీ2 మెషీన్లలో, లాగిన్‌కు వాడే కీ ఫైలు పోతే అమెజాన్ వెబ్ కన్సోల్‌లో కొత్త కీ పెయిర్ తయారుచేసి, లాగిన్ కావడం లేదేమని తల పట్టుకుంటారు. కీ మొదటి బూట్‌లోనే మెషీన్ లోపలికి వెళ్తుంది, తర్వాత కన్సోల్‌లో ఏం చేసినా లోపలికి చేరదు. దారి ఇదీ. ముందు స్టేటస్ చెక్‌లు, సిస్టమ్ లాగ్, స్క్రీన్‌షాట్ చూడండి. సెషన్ మేనేజర్ ఏజెంటు, దానికి తగిన రోల్ (అనుమతుల కట్ట) ముందే ఉంటే కీతో పనిలేకుండా లోపలికి వెళ్లొచ్చు. లేదంటే డిస్కుకు స్నాప్‌షాట్ తీసి మెషీన్‌ను స్టాప్ చేయండి. టెర్మినేట్ కాదు! ఇన్‌స్టెన్స్ స్టోర్‌లో (మెషీన్‌తో వచ్చే తాత్కాలిక డిస్కు) పెట్టిన డేటా స్టాప్‌తోనే పోతుందనీ, ఎలాస్టిక్ ఐపీ (మారని అడ్రసు) లేకపోతే పబ్లిక్ ఐపీ మారుతుందనీ ముందే తెలిసి ఉండాలి. రూట్ డిస్కుకు ఉన్న డివైస్ పేరు (ఎక్స్‌వీడీఏ, ఎస్‌డీఏ1 లాంటిది) రాసిపెట్టుకుని, డిటాచ్ చేసి, అదే జోన్‌లోని (అమెజాన్ డేటా సెంటర్ల విభాగం) ఇంకో మెషీన్‌కు రెండో డిస్కుగా తగిలించాలి. హైదరాబాద్ రీజియన్‌లో మూడు జోన్లున్నాయి. జోన్ వేరైతే డిస్కు అంటుకోదు. రెండో మెషీన్ పూర్తిగా బూట్ అయ్యాకే తగిలించండి. రెండూ ఒకే ఇమేజ్ నుంచి పుట్టినవైతే యూయూఐడీ (డిస్కు గుర్తింపు సంఖ్య) ఒకటే కావడంతో తప్పు డిస్కు నుంచి బూట్ కావచ్చు. ఫైల్ సిస్టమ్ ఎక్స్‌ఎఫ్‌ఎస్ అయితే మౌంట్ చేసేటప్పుడు 'నోయూయూఐడీ' అన్న ఆప్షన్ కూడా ఇవ్వాలి. ఇక ఆథరైజ్డ్ కీస్ ఫైలులో కొత్త పబ్లిక్ కీ అతికించి, ఆ ఫైలుకు 600, డాట్ ఎస్‌ఎస్‌హెచ్ ఫోల్డర్‌కు 700 అనుమతులు (సొంతదారుకు మాత్రమే) పెట్టాలి. ఏదో ఫైలు తెరుచుకోలేదని హోమ్ ఫోల్డర్ అంతటికీ 777 (అందరికీ అన్నీ) ఇచ్చేసిన మెషీన్లు ఇక్కడే పట్టుబడతాయి: హోమ్‌లో ఎవరైనా రాయగలిగితే ఎస్‌ఎస్‌హెచ్ సర్వరే కీని తిరస్కరిస్తుంది. పీకేసిన డిస్కు పేరు ఎఫ్‌స్టాబ్‌లో (బూట్‌లో తగిలించే డిస్కుల జాబితా) మిగిలి బూట్ ఆగిపోయినా బాగుచేసే పద్ధతి ఇదే; ఆ వరుసలో 'నోఫెయిల్' చేరిస్తే మళ్లీ ఆగదు. అన్‌మౌంట్ చేసి, పాత డివైస్ పేరుతోనే తిరిగి తగిలించాలి.

2024 జులై 19న భద్రతా సాఫ్ట్‌వేర్ సంస్థ క్రౌడ్‌స్ట్రైక్ పంపిన అప్‌డేట్‌తో మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెరలో చిక్కుకున్నాయి. శంషాబాద్‌లో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చిన రోజది. మన టైములో ఉదయం 9:39కి వెళ్లిన ఫైలును 10:57కి వెనక్కి తీసుకున్నారు, కానీ అప్పటికే పడిపోయిన వాటిలో చాలావాటికి దిద్దుబాటు దానంతటదే అందలేదు. క్లౌడ్ మెషీన్లను లేపడానికి చెప్పిన పద్ధతుల్లో పైన చెప్పినదీ ఉంది: డిస్కు ఊడదీసి, వేరే మెషీన్‌కు తగిలించి, డ్రైవర్ల ఫోల్డర్‌లో 'సీ-00000291'తో మొదలయ్యే ఫైలు తీసేసి, తిరిగి పెట్టడం. బిట్‌లాకర్ (విండోస్ డిస్కు ఎన్‌క్రిప్షన్) ఉన్నచోట 48 అంకెల రికవరీ కీ కావాల్సి వచ్చింది. ఆ కీలు దాచిన సర్వర్ కూడా పడిపోయి ఉంటే పని అక్కడే ఆగిపోతుంది.

వర్చువల్ మెషీన్ ఎలా సృష్టించాలో మన కాలేజీల్లో మొదటి ల్యాబులోనే నేర్పుతారు. ఊడదీసిన డిస్కును వేరే మెషీన్‌కు తగిలించి బాగుచేయడం కూడా అదే సెమిస్టర్‌లో రెండు గంటల పని, పరీక్షలో పెట్టదగ్గది. ఆఫీసులవాళ్లకు ఒక్క మాట: ఈసీ2 సీరియల్ కన్సోల్ (నెట్‌వర్క్ లేకున్నా మెషీన్‌లోకి వెళ్లే దారి) మొదట ఆపివేసి ఉంటుంది, అకౌంటు స్థాయిలో తెరవాలి, పైగా అందులో లాగిన్ కావాలంటే పాస్‌వర్డ్ ఉన్న యూజర్ లోపల ముందే ఉండాలి. మెషీన్ బాగున్న రోజునే ఈ రెండూ చేసిపెట్టుకోవాలి.

ఇట్లు,
సర్వర్ల నిర్వహణలో ఉన్న కొందరు పాఠకులు,
హైదరాబాద్