హెడ్ ఇప్పుడే విప్పకు

షార్జా,
శుక్రవారం రాత్రి

చిన్నా,

అమ్మ మోకాలు ఎలా ఉంది? పాప బడికి వెళ్తోందా, ఇంకా గుమ్మం దగ్గరే ఏడుపు లంకించుకుంటోందా? నేను బాగానే ఉన్నాను. ఇక్కడి ఎండ సంగతి రాస్తే చదివే నీకు చెమట్లు పడతాయి, వదిలేయ్.

ఇదంతా ఫోన్లో చెప్పొచ్చు. కానీ వాయిస్ పెడితే నాన్న స్పీకర్ ఆన్ చేసి వింటాడు. విని, "దుబాయెళ్లి నాకే పాఠం చెప్తన్నాడేటి" అంటాడు. ఆయనకి షార్జా కూడా దుబాయే. అందుకని కాయితం. మా గదిలో కుర్రాడు సెలవు మీద గాజువాక వస్తున్నాడు, ఈ ఉత్తరంతో పాటు ఓ పార్సెల్ ఇస్తాడు. పార్సెల్ నాన్న ముందే విప్పు. ఉత్తరం మాత్రం వద్దు.

నువ్వు పంపిన మన జీపు వీడియో ఏడెనిమిదిసార్లు చూశాను. మూత తీసిన రేడియేటర్, లోపల బుడగలు, అంచున నీ బొటనవేలు, వెనకాల నాన్న గొంతు: "గ్యాస్కెట్టే. ఇప్పీరా." ఆయన మాటే నిజం కావచ్చు, ఇంజన్ బ్లాకుకీ దాని మీద మూతలా కూర్చునే హెడ్‌కీ మధ్య నొక్కుకునే ఆ పలకే పోయి ఉండొచ్చు. అయినా ఇప్పుడే హెడ్ విప్పకు. మొన్ననే ఇంజన్ మొత్తం కట్టావు. ఎందుకు కారుతోందో తేల్చకుండా గ్యాస్కెట్ మారిస్తే నాలుగు రోజులు తిరుగుతుంది, మళ్లీ అనంతగిరి ఘాట్‌లో టూరిస్టుల ముందు నీళ్లు తన్నుతుంది. అప్పుడు గ్యాస్కెట్ అమ్మినవాడిని తిట్టుకుంటూ కూర్చుంటాం.

నువ్వన్న వాటిల్లో ఒకటే నా బుర్రలో తిరుగుతోంది. మర్రిపాలెం నుంచి ఎస్.కోట దాకా టెంపరేచర్ ముల్లు కదల్లేదు, ఘాట్ ఎక్కుతూ రెండో గేర్‌లో పడ్డాకే నీళ్లు బయటికొచ్చాయి అన్నావు. లోడు పడ్డప్పుడే సిలిండర్‌లో ఒత్తిడి పెరుగుతుంది, సందు ఉంటే గ్యాసు నీళ్లలోకి దూరేది అప్పుడే. కాబట్టి నాన్న అనుమానం ఉత్తదేమీ కాదు. కానీ పూడుకుపోయిన రేడియేటర్, జారిపోతున్న ఫ్యాన్ బెల్టు, స్ప్రింగు చచ్చిన మూత కూడా ఘాట్‌లోనే బయటపడతాయి. ముందు మూత మార్చి చూడు, చవకలో పోయేది అదే. ఇంకోటి. ఇంజన్ పని అయ్యాక కొత్తగా నీళ్లు పోస్తే లోపల ఎయిర్ పట్టి మొదట్లో బుడగలొస్తాయి. ఆ బుడగలు తిరిగేకొద్దీ ఆగిపోతాయి. సిలిండర్‌లోంచి వచ్చేవి ఆగవు, రేస్ ఇస్తే ఎక్కువవుతాయి.

పొద్దున్నే, రాత్రంతా చల్లారిన బండి మీద ఒక పని చెయ్యి. మూత బిగించి స్టార్ట్ చేసి, రేడియేటర్ పై హోసు చేత్తో పట్టుకో. నీళ్లు ఇంకా వేడెక్కలేదు కదా, హోసు మెత్తగా ఉండాలి. ఒకటి రెండు నిమిషాల్లోనే గాలి కొట్టిన సైకిల్ ట్యూబులా బిర్రబిగిసిపోతే అది ఆవిరి ఒత్తిడి కాదు, గ్యాసే. ఎన్ని పరికరాలు చూసినా నాకు దీని మీదే గురి.

పార్సెల్‌లో నీలం మందు సీసా, ఒక గొట్టం, రబ్బరు బుడ్డి ఉంటాయి. రేడియేటర్‌లో నీళ్లు రెండంగుళాలు తగ్గించి, గొట్టాన్ని మూతి మీద గట్టిగా ఆనించి, ఇంజన్ నడుస్తుండగా బుడ్డి నొక్కుతూ నీళ్ల పైన ఉన్న గాలిని మందులోంచి లాగాలి. ఆ గాలిలో పొగ తాలూకు కార్బన్ డయాక్సైడ్ ఉంటే నీలం మారిపోతుంది. పెట్రోల్ బండికి పసుపు, మన డీజిల్‌కి ఆకుపచ్చ. నీళ్లు లోపలికి లాగావో, మందు పాడవుతుంది. ఐడిల్‌లో డీజిల్ పొగలో కార్బన్ డయాక్సైడ్ తక్కువ కాబట్టి రంగు మారలేదని సంబరపడిపోకు, రేస్ ఇస్తూ చూడు.

రంగు మారిందే అనుకో. గ్యాసు వస్తోందని తెలుస్తుంది గానీ ఎక్కణ్నుంచో తెలీదు. నాన్న తొందరపడేది ఇక్కడే. వాల్వుల మధ్య హెడ్ పగిలినా ఇలాగే ఉంటుంది. డీజిల్ చిమ్మే నాజిళ్లకి రాగి స్లీవులు, అంటే తొడుగులు, ఉన్న ఇంజన్లలో ఆ స్లీవు కారినా ఇంతే. అందుకని నాజిళ్లు తీసి, ఒక్కో పిస్టన్‌ని వాల్వులు మూసుకుని ఉండే కంప్రెషన్ మీద పైకి తెచ్చి, నాజిల్ రంధ్రంలోంచి కంప్రెసర్ గాలి 80, 90 పీఎస్ఐ పెట్టు. బండి గేర్‌లో ఉంచి చక్రాల కింద రాళ్లు పెట్టు, ఫ్యాన్ దగ్గర చెయ్యి పెట్టకు, ఇంజన్ ఒక్కసారి తిరిగిందంటే వేళ్లుండవు. రేడియేటర్‌లో బుడగలొస్తే ఆ సిలిండర్‌దే తప్పు. పక్క నాజిల్ రంధ్రంలోంచి బుస్సుమంటే రెండు సిలిండర్ల మధ్య గ్యాస్కెట్ పోయినట్టు. ఆయిల్ పోసే చోట నుంచి కొంచెం గాలొస్తే బెంగపడకు, కొత్త రింగులు ఇంకా కూర్చోలేదు. ఏమీ దొరక్కపోతే మాత్రం ఇంజన్ బాగుందని రాసెయ్యకు. మన కంప్రెసర్ పెట్టే 80, 90 పీఎస్ఐ అంటే ఆరు బార్ అటూఇటూ, డీజిల్ మండేటప్పుడు సిలిండర్‌లో వంద బార్ పైమాటే. ఆ గాలికి నోరు విప్పని సందు ఘాట్‌లో విప్పుతుంది.

ఇక విప్పక తప్పదని తేలాక నా కథ గుర్తుపెట్టుకో. ఇది నాన్నకి అస్సలు చెప్పకు. ఇక్కడికొచ్చిన రెండో ఏడు ఒక పికప్ ఇంజన్ నేనొక్కణ్నే కట్టాను. పెట్టిన బిగువు రాగానే చప్పుడు చేసే టార్క్ రెంచి క్లిక్కు క్లిక్కుమంటుంటే నా అంత మెకానిక్ లేడనుకున్నాను. నాలుగో రోజు నీళ్లు తన్నింది. గ్యాస్కెట్ మార్చాను. మళ్లీ తన్నింది. హెడ్‌కి ఫేసింగ్, అంటే మెషిన్ మీద చదును, చేయించి ఇంకో గ్యాస్కెట్ వేశాను. మళ్లీ. జీతంలో కోత పడింది, ఆ నెల మీకు డబ్బు తక్కువ పంపి గది అద్దె పెరిగిందని అబద్ధం చెప్పాను. అప్పుడు మా ఉస్తాద్, పెషావర్ ఆయన, నోరెత్తకుండా వెల్డింగ్ రాడ్డు కొసకి బనీను గుడ్డ చుట్టి, బ్లాకులో బోల్టు రంధ్రంలోకి దించి, తిప్పి తీశాడు. గుడ్డ నల్లగా తడిసి వచ్చింది. పది రంధ్రాల్లో మూడింటి అడుగున ఆయిల్ నిలిచి ఉంది. బోల్టు దిగి ఆ ఆయిల్ మీద కూర్చుంది. ఆయిల్ నలగదు కదా, రెంచి క్లిక్కుమంది గానీ హెడ్ నొక్కుకోలేదు. ఆ గుడ్డ నా చేతిలో పెట్టి ఆయన టీకి వెళ్లిపోయాడు.

నీ బ్లాకు లేత్ షాపు నుంచి కడిగి వచ్చింది. ఆ రంధ్రాలు ఎవరైనా ఊది ఆరబెట్టారా? నిజం చెప్పు, నేను తిట్టను.

హెడ్ దించాక దాని అడుగు ముఖానికి నిలువుగా, అడ్డంగా, మూల నుంచి మూలకి స్ట్రెయిట్ ఎడ్జ్, ఆ తిన్నని ఉక్కు బద్ద, పెట్టి చూడు. 0.05 మిల్లీమీటర్ల ఫీలర్ రేకు దాని కిందికి దూరితే ఫేసింగ్‌కి పంపాల్సిందే. గ్రైండర్‌కి ఎమరీ బిళ్ల తగిలించి గీకనివ్వకు, గుంటలు పడతాయి. తర్వాత లైనర్లు, పిస్టన్లు ఆడే గొట్టాలు. బయటి వైపు నీళ్లు తగిలే వెట్ లైనర్ బ్లాకు మీద రవ్వంత పైకి నిలబడాలి. చాలా ఇంజన్లలో అది మిల్లీమీటర్‌లో పదో వంతు కూడా ఉండదు, మన బండికి ఎంతో మాన్యువల్‌లో చూడు. ఒక లైనర్ కింద మట్టి రేణువో, పాత రబ్బరు ముక్కో ఉండిపోయి అది ఎత్తుగా ఉంటే పక్కది పల్లమవుతుంది, గ్యాస్కెట్ రింగు అక్కడ బిగుసుకోదు. ఇలా ఇంజన్ మొత్తం కట్టాక వచ్చే కంప్లయింట్లలో నేనెక్కువ చూసింది ఇదే. పల్లాన్ని సిలికాన్ పేస్టుతో పూడ్చే తెలివి ఒకటుంది మన షెడ్డులో, ఎవరిదో నీకు తెలుసు. వద్దు.

పాత గ్యాస్కెట్ పారెయ్యకు. సిలిండర్ చుట్టూ ఇనప రింగు ఉంటుంది చూడు, గ్యాసు దాటిన చోట మసి గీత ఉంటుంది. తుడవకుండా రెండు వైపులా ఫోటో తీసి పంపు, ఏ బోల్టు దగ్గరో నేను చెప్తాను.

ఆషాఢ పున్నమికి సెలవు అడిగాను. దొరికితే సింహాచలం గిరి ప్రదక్షిణకి నేను నడుస్తాను. 32 కిలోమీటర్లు అమ్మ ఎలాగూ నడవలేదు, కొండ కింద తొలిపావంచా, ఆ మొదటి మెట్టు, దాకా జీపులో తెద్దువుగాని. ఈలోగా బండి తేలాలి.

పార్సెల్‌లో టార్క్ రెంచి కూడా ఉంది. అది నాన్నకని చెప్పు. నలభై ఏళ్లుగా చేతి లెక్కన బిగించిన మనిషి, మొదట నవ్వుతాడు. నవ్వనీ. బిగించేది ఆయన్నే బిగించమను, మధ్య బోల్టు నుంచి బయటికి, మూడు విడతల్లో. పక్కన నిలబడి నంబరు నువ్వు చదువు.

నీ అన్న