అక్వేరియం హీటర్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు

సంపాదకుల వారికి,

అయ్యా,

చలి మొదలైందంటే అక్వేరియం హీటర్లకు గిరాకీ పెరుగుతుంది. ‘ఇది ఆటోమేటిక్, నీళ్లలో వేసేయండి చాలు’ అని షాపుల్లో చెప్పి పంపిస్తున్నారు. అది సగమే నిజం. మామూలు గాజు గొట్టం హీటర్లలో రెండు లోహాల పట్టీ ఒకటి ఉంటుంది. వేడికి వంగి కరెంటు ఆపుతుంది, చల్లబడితే మళ్లీ కలుపుతుంది. కలిసి విడిపోయే ప్రతిసారీ ఆ కొనల మధ్య చిన్న నిప్పురవ్వ లేస్తుంది. ఏదో ఒక రోజు రెండూ అతుక్కుపోతాయి, ఇక హీటర్ ఆగదు. తెల్లారేసరికి చేపలు వెల్లకిలా తేలుతుంటే, చలికి చచ్చిపోయాయని అనుకునేవాళ్లే ఎక్కువ.

అందుకే హీటర్‌కు ముందు విడిగా ఒక టెంపరేచర్ కంట్రోలర్, అంటే నీటి వేడిని చూసి కరెంటు వేసే, ఆపే పరికరం ఉండాలి. ఎస్‌టీసీ-1000 రకం సరిపోతుంది. 12, 24 వోల్టులవి కూడా అచ్చం ఇలాగే ఉంటాయి కాబట్టి ఇంటి కరెంటుకు పనికొచ్చే 220 వోల్టులదే అడిగి తీసుకోవాలి. దాని వెనక వైర్లు బిగించే చోట్లకు నంబర్లుంటాయి: 1, 2 కరెంటుకు, 3, 4 నీటి వేడిని కొలిచే సెన్సర్‌కు, 5, 6 హీటర్‌కు, 7, 8 నీటిని చల్లబరిచే ఫ్యాన్‌కు. చాలామంది పొరబడేది ఇక్కడే: 5 నుంచి 8 వరకు ఉన్నవి ఉత్త స్విచ్చులు, వాటిలో కరెంటు దానంతటది రాదు. ఫేజ్ నుంచి ముక్క వైర్లు 5కు, 7కు కలపాలి. వైరింగ్ తెలియకపోతే ఎలక్ట్రీషియన్ చేతే చేయించండి.

కంట్రోలర్ సెట్టింగుల్లో ఎఫ్1 అంటే కావలసిన వేడి, ఎఫ్2 అంటే ఎన్ని డిగ్రీల తేడా వస్తే పనిచేయాలో అది. ఎఫ్1లో 26, ఎఫ్2లో 1 పెడితే 25 దగ్గర హీటర్ వెలిగి 26కు ఆగుతుంది, 27 దగ్గర ఫ్యాన్ తిరుగుతుంది. ఎఫ్2 మరీ తగ్గిస్తే రిలే (కంట్రోలర్ లోపలి స్విచ్చు) అస్తమానం టకటకా కొట్టుకుని త్వరగా పాడవుతుంది. హీటర్ సొంత నాబ్‌ను 28 మీద ఉంచాలి. రిలే అతుక్కుపోయినా అక్కడ హీటరే ఆగుతుంది. రెండూ ఒకేసారి చెడిపోవడం అరుదు.

రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు తొట్టిలో గులకరాళ్లు పోను దాదాపు 50 లీటర్ల నీళ్లు పడతాయి. దానికి 50 వాట్లు చాలు. 200 వాట్లది అతుక్కుపోతే ఆ నీళ్లను గంటకు మూడు డిగ్రీలకు పైగా వేడెక్కిస్తుంది, 50 వాట్లది ఒక్క డిగ్రీ కూడా పెంచలేదు. చూసుకునే వ్యవధి దొరుకుతుంది.

సెన్సర్‌ను హీటర్‌కు ఎదురు మూలన, ఫిల్టర్ నీరు పారే చోట పెట్టి, రబ్బరు కప్పును నమ్మకుండా క్లిప్పుతో బిగించాలి. అది ఊడి బయట వేలాడితే గది చలిని చూపిస్తూ హీటర్‌ను ఆగనివ్వదు. ఆర్డుయినో అనే చిన్న ప్రోగ్రామింగ్ బోర్డుతో కంట్రోలర్‌ను సొంతంగా చేసుకునే కుర్రాళ్లకు ఒక మాట: డీఎస్18బీ20 అనే వేడి సెన్సర్ వైరు తెగితే, దాన్ని చదవడానికి సాధారణంగా వాడే లైబ్రరీ (సిద్ధంగా దొరికే ప్రోగ్రామ్) మైనస్ 127 అని ఇస్తుంది. దాన్ని చలి అనుకుని ప్రోగ్రామ్ హీటర్ వేసేస్తుంది. ఆ అంకె రాగానే రిలే ఆగేలా ముందే రాసుకోండి.

ఎండాకాలంలో నీటి మీదికి గాలి కొట్టే 12 వోల్టుల ఫ్యాన్ (7, 8కి నేరుగా కాక అడాప్టర్ ద్వారా కలపాలి) రెండు మూడు డిగ్రీలు తగ్గిస్తుంది. గాలిలో తేమ ఎక్కువుండే విశాఖ, కాకినాడల్లో అంత తగ్గదు.

వైరు ప్లగ్గు కంటే కిందికి వేలాడి మళ్లీ పైకెక్కాలి, అప్పుడే జారిన నీటి చుక్క సాకెట్‌లోకి పోదు. ఆ లైనుకు ఎర్త్, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను ఆపే స్విచ్చు) తప్పనిసరి. నీళ్లు మార్చే ముందు హీటర్ ఆపి ఇరవై నిమిషాలు ఆగాలి, వేడి గాజు గాలి తగిలితే పగులుతుంది. హీటర్ అమ్మేటప్పుడు షాపులవాళ్లు కనీసం ఈ రెండు ముక్కలైనా చెప్పి పంపాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, హైదరాబాద్