ముసలి మ్యాక్‌కి నెట్ పెట్టించానురా

శాన్ హోసే,
ఆదివారం రాత్రి

ఒరేయ్ శీనూ,

మూడు వారాలుగా ఎక్కడ చచ్చావురా అని తిట్టావుగా. ఇదుగో, తీరిగ్గా కూర్చుని చదువు.

మా వీధి చివర గరాజ్ సేల్‌లో నలభై డాలర్లకి ఆపిల్ వాళ్ళ పాత కంప్యూటర్ ఒకటి, మ్యాకింటోష్ ఎస్ఈ, దొరికింది. 1987లో వచ్చిన మోడల్. తొమ్మిది అంగుళాల తెర, అదీ నలుపూ తెలుపే, మధ్యలో బూడిదరంగు కూడా లేదు. ప్రాసెసర్ 8 మెగాహెర్ట్జ్, మెమరీ మహా అయితే 4 మెగాబైట్లు. పొద్దున్నే నువ్వు పంపే గుడ్‌మార్నింగ్ పువ్వుల వీడియో ఒక్కటి కూడా పట్టదు. నెత్తిన పిడి ఉంటుంది కాబట్టి టిఫిన్ క్యారియర్‌లా పట్టుకొచ్చేశా. మా ఆవిడ గుమ్మంలోనే ఆపి, “ఇది లోపలికొస్తే ఏది బయటికెళ్తుంది?” అంది. ఆ సంగతి ఇంకా తేలలేదు.

స్విచ్ వేస్తే తెర మీద ఫ్లాపీ బొమ్మ, దాని మధ్య ప్రశ్నార్థకం. హార్డ్ డిస్క్ పోయిందన్నమాట. దానికి బదులు బ్లూస్కజీ అని ఓ చిన్న బోర్డు తెప్పించి, వెనకాల స్కజీ పోర్టుకి, అంటే ఆ రోజుల్లో డిస్కులు తగిలించే సందుకి, తగిలించా. అందులో పెట్టిన ఎస్‌డీ కార్డునే మ్యాక్ హార్డ్ డిస్క్ అనుకుంటుంది. అసలు తమాషా ఏంటంటే, ఆ బోర్డు మీదుండే పికో డబ్ల్యూ చిప్పుకి వైఫై ఉంది. అది డేనాపోర్ట్ అనే పాతకాలపు ఈథర్నెట్ పెట్టె వేషం కడుతుంది. “ఎవరు నువ్వు?” అని మ్యాక్ అడిగితే “డేనాపోర్ట్‌ని బాబాయ్” అంటుంది. పాపం, నమ్మేస్తుంది.

ఆ చిప్పుకి 2.4 గిగాహెర్ట్జ్ వైఫై తప్ప పట్టదని తెలిసేసరికి ఒక రాత్రి పోయింది. తర్వాత రెండు రాత్రులు మ్యాక్‌టీసీపీ తినేసింది, పాత మ్యాక్‌ని నెట్‌కి కలిపే ప్రోగ్రాం అది. అందులో ఏది మార్చినా మళ్ళీ రీస్టార్ట్ చెయ్యాలి. ఐపీ అడ్రస్, గేట్‌వే అన్నీ చేత్తో కొట్టా. అంకెల్లో అడ్రస్ ఇస్తే పేజీ వస్తోంది, పేరు కొడితే రావట్లేదు. పేర్లని అంకెల అడ్రస్‌లుగా మార్చే నేమ్ సర్వర్ నంబరు సరిగ్గానే ఉంది. చివరికి చూస్తే, దాని పక్కన డొమైన్ అన్న గడిలో ఒక చుక్క పెట్టాలట. ఉత్త ఫుల్‌స్టాప్! ఆ చుక్క కోసం రెండు రాత్రుల నిద్ర.

అయినా ఇప్పటి సైట్లు దాదాపు అన్నీ హెచ్‌టీటీపీఎస్, అంటే పేజీకి తాళం వేసి పంపే రకం. ఆ తాళాలు తీసే సత్తువ ఈ ముసలాయనకి లేదు. అందుకని మధ్యలో రాస్ప్‌బెర్రీ పై అనే బుల్లి కంప్యూటర్‌ని కూర్చోబెట్టా. తాళం అది తీసి, పేజీని ఒలిచి మ్యాక్‌వెబ్ బ్రౌజర్ నోట్లో పెడుతుంది. నిజం చెప్పాలంటే పెళ్ళికొడుకు కంటే బోయీలే బలవంతులు. ఈథర్నెట్ పెట్టె వేషం కట్టిన ఆ చిప్పే 133 మెగాహెర్ట్జ్ వేగంతో పరిగెత్తగలదు. ఇక నెట్‌కి వెళ్ళింది మ్యాకా, మోసినవాళ్ళా అని అడగకు. నాకూ ఆ అనుమానం ఉంది.

మొదట ఫ్రాగ్‌ఫైండ్ తెరిచా. పాత కంప్యూటర్ల కోసమే పెట్టిన సెర్చ్. బాగానే వచ్చింది. ఆ ఊపులో తెలుగు వికీపీడియాలో గోంగూర పేజీ కొట్టా. తెర నిండా నెత్తిన గీత పెట్టుకున్న ఇంగ్లీషు ‘ఎ’, పక్కన డిగ్రీ గుర్తు, మళ్ళీ అదే ‘ఎ’, మళ్ళీ డిగ్రీ! అన్ని భాషల అక్షరాలకీ నంబర్లిచ్చే యూనికోడ్‌లో మన తెలుగు చేరిందే 1991లో కదా, వీడికెలా తెలుస్తుంది?

వదల్లేదు. పేజీ మొత్తాన్ని రాస్ప్‌బెర్రీ మీదే ఫొటో తీసి, నలుపూ తెలుపూ చుక్కలుగా మార్చి, జిఫ్ బొమ్మగా పంపించా. పైనుంచి గీత గీతగా దిగింది. వత్తులు కాస్త చెదిరాయి, పాత ఆర్టీసీ రిజర్వేషన్ టికెట్టులా ఉంది. కానీ ‘గోంగూర’ అని చదవొచ్చు. అర్ధరాత్రి మా ఆవిణ్ణి లేపి చూపించా. “దీనికా?” అని మళ్ళీ పడుకుంది.

మీ అటక మీద పాత డయలప్ మోడెమ్ ఉందన్నావే, అది పాత సామాన్ల వాడికి వెయ్యకు. ఎస్ఈ వెనకాల మోడెమ్ పోర్టు ఇంకా ఖాళీగానే ఉంది. డిసెంబర్లో వస్తున్నా. దాని అడాప్టర్ కూడా వెతికి పెట్టు.

నీ
బుజ్జిగాడు