ఆదివారం మేడ మీద పుస్తకం కబుర్లు

అందరికీ నమస్కారం అండీ!

ఈ నెల మన పుస్తకం ఎలిజబెత్ గిల్బర్ట్ రాసిన 'ఈట్ ప్రే లవ్'. వచ్చే ఆదివారం సాయంత్రం 4 గంటలకు మా ఇంటి మేడ మీద కలుద్దాం.

2006లో వచ్చిన పుస్తకం ఇది. విడాకుల తర్వాత ఆవిడ ఇటలీ, ఇండియా, ఇండోనేషియాల్లో గడిపిన ఏడాది కథ. జపమాలలో పూసల్లాగా 108 చిన్న కథలు, దేశానికి 36. ఇంకా మొదలుపెట్టనివాళ్లు టెన్షన్ పడొద్దు, రోజుకు 18 చదివితే ఆరు రోజుల్లో అయిపోతుంది. అంత తీరిక లేకపోతే చివరి భాగం, బాలి ఒక్కటైనా చదవండి.

అందులో ప్రేమకథ కన్నా నన్ను కదిలించింది ఇంకొకటి. పుట్టినరోజుకు బహుమతులు వద్దని చెప్పి, ఆ డబ్బు బాలిలో వైద్యం చేసుకుని బతికే ఒంటరి తల్లికి ఇల్లు కొనడానికి పంపమని స్నేహితుల్ని అడుగుతుంది. ఆ పేజీల దగ్గర చాలాసేపు ఆగిపోయాను.

మీకు నచ్చిన పేజీ ఒకటి గుర్తుపెట్టుకుని రండి. అలాగే మీరు ఒంటరిగా చేసిన ఒక ప్రయాణం గురించి చెప్పాలి, పక్క ఊరికైనా సరే. నేను మొదటిసారి ఒక్కదాన్నే విశాఖ రైలెక్కింది 46 ఏళ్లప్పుడు. చేతిలో టికెట్ చెమటకు మెత్తబడిపోయింది. ఆ కథ ఆదివారం చెప్తాను.

వచ్చేవాళ్లు శుక్రవారం రాత్రిలోగా ఇక్కడ పేరు పెట్టండి. టీ, పకోడీలు నావి. నా దగ్గర ఒక కాపీ ఉంది, కావాలంటే వచ్చి తీసుకెళ్లండి.

మర్చిపోకండి: ఆదివారం, సాయంత్రం 4 గంటలకు!