గ్యాస్ అయిపోదు, కారిపోతుంది

సంపాదకులు గారికి నమస్కారాలు.

మార్చి నెల సగం దాటేసరికి మా జిల్లాలో జాతీయ రహదారి పక్కనున్న షెడ్ల ముందు ‘కారు ఏసీ గ్యాస్ ఫిల్లింగ్’ అని రాసిన అట్టలు వేలాడడం మొదలవుతుంది. మామిడికాయలు బజారులోకి వచ్చినట్టే ఇదీ ఏటేటా వచ్చే ముచ్చట అనుకుని మనమూ బండి తీసుకెళ్లి గ్యాస్ పట్టించుకుని వస్తాం. అసలు పొరపాటు ఆ ‘ఏటేటా’ అన్న మాటలోనే ఉంది. ఆ పొరపాటుకు మూడు వేసవులు డబ్బు కట్టి, నాలుగో వేసవిలో కంప్రెసర్‌నే పోగొట్టుకున్నవాడిగా, ముప్పై ఏళ్లు పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పి కూడా సొంత కారు విషయంలో ఆ శాస్త్రాన్ని మరిచిపోయినవాడిగా ఈ లేఖ రాస్తున్నాను.

నాది 2014లో కొన్న చిన్న పెట్రోలు కారు. మా అమ్మగారి వైద్యం కోసం నెలకొకసారి టెక్కలి నుంచి విశాఖపట్నం, అంటే సుమారు 150 కిలోమీటర్లు వెళ్లి రావలసి వచ్చేది. ఎనభై దాటిన మనిషిని మే నెల ఎండలో అద్దాలు దించిన కారులో అంత దూరం తీసుకెళ్లడం కష్టం కాబట్టి, మాకు ఏసీ విలాసం కాదు, అవసరం. 2021 వేసవిలో చల్లదనం తగ్గింది. దగ్గరున్న షెడ్డుకు తీసుకెళితే అక్కడి కుర్రవాడు పీడనం కొలిచే గేజీ తగిలించి, “గ్యాస్ అయిపోనాది మాస్టారూ, పట్టించేద్దాం” అన్నాడు. పది నిమిషాల్లో పట్టించేశాడు, కారు చల్లబడింది, నేను సంతోషించాను. 2022లోనూ అదే మాట, 2023లోనూ అదే మాట. 2024 ఏప్రిల్‌లో రణస్థలం దాటాక బానెట్ కింది నుంచి కీచుమన్న శబ్దం, వెంటనే కాలిన రబ్బరు వాసన వచ్చాయి. కంప్రెసర్ బిగుసుకుపోయింది. దాన్ని మార్చడానికి అయిన ఖర్చు ఇరవై వేలు దాటింది.

ఏసీలోని గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యే ఇంధనం కాదు. మూసి ఉన్న గొట్టాలలో అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది. డ్యాష్‌బోర్డు వెనకనున్న కూలింగ్ కాయిల్‌లో అది ద్రవం నుంచి ఆవిరిగా మారుతూ కారు లోపలి వేడిని గుంజుకుంటుంది. కంప్రెసర్ ఆ ఆవిరిని నొక్కి ముందుకు తోస్తుంది. రేడియేటర్ ముందున్న కండెన్సర్‌లో అది ఆ వేడిని బయటి గాలికి వదిలేసి మళ్లీ ద్రవమవుతుంది. మన కార్లలో ఎక్కువగా వాడుతున్న ఆర్-134ఎ అనే గ్యాస్ మామూలు వాతావరణ పీడనం దగ్గర మైనస్ 26 డిగ్రీల సెల్సియస్‌కే మరుగుతుంది కాబట్టే ఈ పని సాధ్యమవుతోంది. ఆరోగ్యంగా ఉన్న కారులో కూడా రబ్బరు గొట్టాల నుంచి, కంప్రెసర్ ఇరుసు దగ్గరి సీలు నుంచి ఏటా కొద్ది గ్రాములు జారిపోతాయి. అది సహజం. కానీ ప్రతి వేసవికీ ఖాళీ అవుతోందంటే ఎక్కడో కన్నం పడిందని అర్థం, ఆ కన్నాన్ని వదిలేసి గ్యాస్ నింపడమంటే చిల్లుకుండలో నీళ్లు పోయడమే.

గేజీ చూసి గ్యాస్ ఎంత ఉందో చెప్పేయవచ్చని చాలామంది మెకానిక్కులు నమ్ముతున్నారు. ఇంట్లో వంటగ్యాస్ సిలిండరును మన ఆడవాళ్లు ఎత్తి చూసి ఎంత మిగిలిందో చెబుతారే గానీ ఎవరూ పీడనం కొలవరు. లోపల కాస్త ద్రవం మిగిలి ఉన్నంతవరకు పీడనం ఉష్ణోగ్రతను బట్టి ఉంటుంది తప్ప పరిమాణాన్ని బట్టి కాదన్న సూత్రం పేరు వాళ్లకు తెలియకపోవచ్చు గానీ పద్ధతి మాత్రం సరైనదే. కారు ఏసీలోనూ అంతే. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు గేజీ ముల్లు గ్యాస్ ఉందా లేదా అన్నదే చెబుతుంది. 450 గ్రాములు ఉండవలసిన చోట 300 ఉన్నాయా అన్నది చెప్పలేదు. ఇంజిన్ నడుస్తుండగా చూసే పీడనాలు కొంత సమాచారం ఇచ్చినా అవి బయటి ఎండను, ఫ్యాన్ వేగాన్ని బట్టి మారుతుంటాయి. ఖచ్చితమైన దారి ఒక్కటే: ఉన్న గ్యాస్‌ను మొత్తం యంత్రంతో బయటికి లాగి తూచడం, తరువాత బానెట్ కింద కంపెనీ అంటించిన చీటీలో రాసి ఉన్నన్ని గ్రాములే కాటా మీద తూచి నింపడం. చిన్న కార్లలో ఇది అర కిలోకు అటూ ఇటూగానే ఉంటుంది కాబట్టి వంద గ్రాముల తేడా కూడా పెద్ద తేడాయే. తక్కువైతే చల్లబడదు, ఎక్కువైతే పీడనం పెరిగి అప్పుడూ చల్లబడదు, పైగా కంప్రెసర్ మీద భారం పడుతుంది. ఆ చీటీ నా కారుకు పదేళ్లుగా ఉంది, నేను ఒక్కసారి కూడా చదవలేదు.

కంప్రెసర్ ఎందుకు పోయిందో కూడా చెప్పాలి. దానికి వేరే నూనె తొట్టె ఉండదు. కందెన నూనె గ్యాస్‌తో కలిసే గొట్టాలంతా తిరిగి మళ్లీ కంప్రెసర్‌కు చేరుతుంది. కన్నంలోంచి గ్యాస్ పోయేటప్పుడు కొంత నూనె కూడా దానితో పోతుంది. గ్యాస్ పలచబడితే మిగిలిన నూనె కూడా సరిగా వెనక్కి రాదు. మూడేళ్లూ గ్యాస్ మాత్రమే నింపారు, పోయిన నూనె సంగతి ఎవరూ అడగలేదు. ఇక తేమ సంగతి మరొకటి. గొట్టాలలోకి గాలి చేరితే దానితోపాటు వచ్చిన నీటి ఆవిరి, ద్రవాన్ని కూలింగ్ కాయిల్‌లోకి వదిలే ఎక్స్‌పాన్షన్ వాల్వ్ సన్నని రంధ్రం దగ్గర మంచుగా గడ్డకట్టి దారి మూసేస్తుంది, గ్యాస్‌తో, నూనెతో కలిసి ఆమ్లాలుగా మారి లోపలి లోహాన్ని తినేస్తుంది. వాక్యూమ్ పంపు పెట్టి కనీసం అరగంట లాగాలనేది అందుకే. పీడనం బాగా తగ్గితే 30 డిగ్రీల దగ్గరే నీరు మరిగి ఆవిరై బయటికి పోతుంది. తరగతిలో గాలి తీసేసిన గంట ఆకారపు గాజు జాడీ కింద బీకరు పెట్టి నేను పిల్లలకు చూపించిన ప్రయోగమే అది! మా ఊరి షెడ్డులో పంపు మూలన దుమ్ము పట్టి ఉండేది.

కంప్రెసర్ మార్పించిన తరువాత మళ్లీ అదే తప్పు జరగకూడదని విజయనగరంలో ఒక పాత మెకానిక్ దగ్గరికి వెళ్లాను. ఆయన గేజీ ముట్టుకోకుండా ముందు టార్చిలైటు తీసుకుని కండెన్సర్ కింది మూల చూపించారు. అక్కడ అరచేయంత మేర దుమ్ము జిడ్డుగా అంటుకుని ఉంది. “గ్యాస్‌తోపాటు నూనె కారితే దుమ్ము ఇలా పట్టుకుంటాది. సైకిల్ ట్యూబు పంచరైతే రోజూ గాలి కొట్టించుకుంటారా మాస్టారూ, పంచరేయిస్తారా?” అన్నారు. నేను పిల్లలను అడగవలసిన ప్రశ్న నన్ను అడిగారు. తరువాత నత్రజనితో పీడనం పెట్టి, సబ్బు నురుగు రాసి, బుడగలు వచ్చే చోటు చూపించి కండెన్సర్ మార్చారు. తెరిచిన ప్రతి అతుకు దగ్గరా కొత్త ఓ-రింగులు, అంటే రబ్బరు వలయాలు వేశారు, తేమను పీల్చే డ్రయర్‌ను మార్చారు, నూనె కొలిచి పోశారు, వాక్యూమ్ లాగి పంపు ఆపాక పావుగంట ముల్లు కదలలేదని చూపించి అప్పుడు గ్యాస్ తూచి నింపారు. సగం రోజు పట్టింది. ఆ తరువాత రెండు వేసవులలోనూ గ్యాస్ అవసరం రాలేదు.

కన్నం అక్కడే ఎందుకు పడిందన్న దానికి మన ప్రాంతానికి సంబంధించిన కారణం ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో అన్నిటికన్నా పొడవైన సముద్రతీరం శ్రీకాకుళం జిల్లాదే. ఉద్దానం, కళింగపట్నం, బారువ వైపు తిరిగే బండ్లకు ఉప్పు గాలి తప్పదు. కండెన్సర్ సన్నని అల్యూమినియం గొట్టాలతో చేసినది. దాని మీద ఉప్పు, బురద కలిసి పేరుకుంటే లోహం మెల్లగా తినివేయబడుతుంది. ఎండిన బురద కింది మూలనే ఎక్కువగా నిలుస్తుంది. నెలకొకసారి మంచినీళ్లు మెల్లగా పోసి కండెన్సర్‌ను కడిగితే ఈ సమస్య చాలావరకు తగ్గుతుంది. అయితే వాటర్ సర్వీసింగ్ చేసేచోట గన్ను దగ్గరగా పెట్టి కొట్టిస్తే రేకులు వంగి గాలి ఆడదు, కాబట్టి దూరం నుంచి కడగమని చెప్పాలి. కోతల కాలంలో ఊక, ధూళి చేరే పొలాల దారుల్లో తిరిగే కార్లకు ఇది మరీ అవసరం.

చల్లదనం తగ్గిన ప్రతిసారీ గ్యాసే కారణమనుకోవడం కూడా తప్పే. రోడ్డు మీద పోతుంటే చల్లగా ఉండి, రైల్వే గేటు దగ్గర ఆగగానే వేడిగాలి వస్తోందంటే ముందు చూడవలసింది కండెన్సర్ ఫ్యాన్‌ను. గాలి చల్లగానే ఉండి ధార మాత్రం తగ్గితే క్యాబిన్ ఫిల్టర్ పూడుకుపోయిందేమో చూడాలి. చాలా కార్లలో గ్లవ్ బాక్సు వెనకనుండే ఆ ఫిల్టర్‌ను ఎవరైనా అయిదు నిమిషాల్లో తీసి చూడవచ్చు. పక్క సీటు ముందు కాళ్ల దగ్గర తడి కనిపిస్తే నీళ్లు బయటికి పోయే గొట్టం మూసుకుపోయి ఉండవచ్చు. అదే నీరు కారు కింద రోడ్డు మీద బొట్లు బొట్లుగా పడితే కంగారు పడనక్కరలేదు. మన తేమ గాలిలోని ఆవిరి చల్లని కాయిల్‌కు తగిలి నీరవుతోందన్నమాట, ఏసీ పని చేస్తోందనడానికి అది మంచి గుర్తు. మా పక్కింటివారు ఆ మడుగు చూసి ఏసీ లీకవుతోందని షెడ్డుకు పరుగెత్తారు, అక్కడా గ్యాస్ పట్టించి పంపారు!

ఇది జేబుకు మాత్రమే సంబంధించిన విషయం కాదు. ఓజోన్ పొరను దెబ్బతీసే పాత ఆర్-12 గ్యాస్‌ను 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం తరువాత ప్రపంచం వదిలించుకుంది. దాని స్థానంలో వచ్చిన ఆర్-134ఎ ఓజోన్‌కు హాని చేయదు గానీ, నూరేళ్ల లెక్కన కార్బన్ డయాక్సైడ్‌కు సుమారు 1430 రెట్లు భూమిని వేడెక్కిస్తుంది. 450 గ్రాములు గాలిలోకి వదిలితే అది దాదాపు 640 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం, అంటే సుమారు 280 లీటర్ల పెట్రోలు కాల్చినట్టు. రిపేరుకు ముందు పాత గ్యాస్‌ను యంత్రంతో పట్టి ఉంచకుండా వాల్వు నొక్కి బుస్సున వదిలేయడం నా కళ్లతో చాలాసార్లు చూశాను. ఈ రకం గ్యాసుల వాడకాన్ని తగ్గించడానికి ఆ మాంట్రియల్ ఒప్పందానికే చేసిన కిగాలి సవరణను మన దేశం 2021లో ఆమోదించింది. దాని ప్రకారం 2032 నుంచి తగ్గింపు మొదలవుతుంది. చౌకగా వస్తుందని మండే గ్యాసులు కలిపి నింపడం ఇంకా ప్రమాదం. కూలింగ్ కాయిల్ కారు లోపలే ఉంటుంది, అక్కడ లీకైతే ఆ గ్యాస్ చేరేది మనం కూర్చున్న చోటికే.

తప్పంతా షెడ్డు కుర్రవాళ్లదేనని నేను అనను. వాళ్లకు ఈ పని నేర్పినవారు లేరు, పది నిమిషాల పని అడిగేది మనమే, సగం రోజు పనికి కూలి ఇవ్వడానికి వెనకాడేదీ మనమే. దేశంలో లక్షమంది సర్వీసు టెక్నీషియన్లకు శిక్షణ ఇవ్వాలని 2019 నాటి భారత శీతలీకరణ కార్యాచరణ ప్రణాళికలో ప్రకటించారు. ఆ శిక్షణ రహదారి పక్కన రేకుల షెడ్డులో పని చేసేవారికి అందేలా, మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ఐటీఐలలో, పాలిటెక్నిక్‌లలో వేసవికి ముందు సాయంత్రపు తరగతులుగా పెట్టాలని జిల్లా అధికారులను కోరుతున్నాను. గ్యాస్‌ను వెనక్కి పట్టే యంత్రం ఒక్కొక్క షెడ్డు కొనలేదు, పదిమంది కలిస్తే కొనవచ్చు, దానికి స్వయంఉపాధి రుణం ఇవ్వవచ్చు. కార్ల యజమానులను కోరేది ఒకటే: ఏ రకం గ్యాస్, ఎన్ని గ్రాములు తీశారు, ఎన్ని గ్రాములు నింపారు, వాక్యూమ్ ఎంతసేపు పెట్టారు, లీకు ఎక్కడ దొరికింది అన్నవి బిల్లు మీద రాయించుకోండి. రాసి ఇవ్వలేని చోట గ్యాస్ పట్టించవద్దు. చలికాలంలో కూడా వారానికి పది నిమిషాలు ఏసీ వేసి ఉంచితే నూనె తిరిగి సీళ్లు ఎండిపోకుండా ఉంటాయి.

బిగుసుకుపోయిన నా పాత కంప్రెసర్, కన్నం పడిన కండెన్సర్ ఇంకా మా వసారాలో ఉన్నాయి. ఏ ఐటీఐ వారైనా విద్యార్థులకు విప్పి చూపించడానికి కావాలంటే నేనే తెచ్చి ఇస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు,
టెక్కలి, శ్రీకాకుళం జిల్లా.