నడిచి వచ్చిన మా అమ్మ ఏడు నెలల్లో మంచం పట్టడంపై ఫిర్యాదు

మేనేజర్ గారికి,

నమస్కారం. హైదరాబాద్ శివార్లలోని మీ వృద్ధుల కేర్ హోమ్‌లో, రెండో అంతస్తులో మా అమ్మ ఉంటోంది. వయసు 81. జూన్‌లో చేర్చిన రోజు చేతికర్ర పట్టుకుని లిఫ్టు దాకా తనే నడిచింది. ఇప్పుడు మంచం మీంచి కుర్చీలోకి మారాలన్నా ఇద్దరు పట్టుకోవాలి. పక్షవాతం రాలేదు, ఎముక విరగలేదు. మరి ఎందుకిలా అయిందని అడిగితే మీ ఇన్‌చార్జి గారు "వయసు కదండీ" అన్నారు.

ఆ వయసు పెరిగింది ఏడు నెలలేనండీ.

చేరినప్పుడు అమ్మ బరువు 52 కిలోలు. మీ రిజిస్టర్‌లో ఆగస్టు నుంచి డిసెంబరు దాకా ప్రతి నెలా 52 అనే రాసి ఉంది, అన్నీ ఒకే పెన్నుతో. అమ్మ గాజులు ఒకప్పుడు సబ్బు రాస్తే గానీ ఊడేవి కావు. సంక్రాంతికి వచ్చి చూస్తే మోచేతి దాకా జారుతున్నాయి. పడిపోకుండా ఎవరో దారం చుట్టారు. అప్పటికప్పుడు తూకం వేయించాను. 46.

బయట వృద్ధుల వైద్యం చేసే డాక్టరు గారికి చూపించాం. అనుకోకుండా బరువు తగ్గడం, పిడికిలి పట్టు సడలడం, నడక నెమ్మదించడం, నీరసం, కదలిక తగ్గడం, ఈ ఐదింటిలో మూడు కనిపిస్తే ఫ్రెయిల్టీ, అంటే పెద్ద వయసులో ఒళ్లు సత్తువ కోల్పోయి బలహీనపడటం అంటారట. 2001 నుంచి ఉన్న కొలత ఇది. అమ్మకి ఐదూ ఉన్నాయి. మొదట్లోనే గమనించి ఉంటే తిండితో, వ్యాయామంతో కొంతైనా ఆపగలిగేవాళ్లమన్నారు.

మీ దగ్గర ఏం జరుగుతోందో నేను కళ్లారా చూశాను. రాత్రి ఏడింటికి ప్లేటు పెట్టి పావుగంటలో తీసేస్తారు. అమ్మ కట్టుడు పళ్లేమో డ్రాయర్‌లో, డబ్బాలో ఉంటాయి. అవి లేకుండా ఆవిడ మింగగలిగేది జావ, మజ్జిగన్నం. బాత్రూంకి నడిపిస్తే పది నిమిషాలు పడుతుందని డైపర్ వేసేశారు. రాత్రిపూట 14 మందికి ఒక్క అమ్మాయే. ఆ పిల్లని నేనేమీ అనను, దారం చుట్టింది కూడా తనేనని తర్వాత తెలిసింది. సరిపడా మనుషుల్ని పెట్టాల్సింది మీరు.

ఇదంతా ఒక ఎత్తు, బిల్లు ఒక ఎత్తు. ఫిజియోథెరపీ పేరుతో నెలకి 4,500 చొప్పున ఏడు నెలలకి 31,500 రూపాయలు తీసుకున్నారు. సంతకాల పుస్తకంలో లెక్కపెడితే ఫిజియో గారు వచ్చింది మొత్తం ఆరు రోజులు.

రాని రోజుల డబ్బు వాపసు ఇవ్వండి. బరువు నెలనెలా మా ఎదుట తూచండి. కట్టుడు పళ్లు పెట్టి, పక్కన కూర్చుని తినిపించండి. గుడ్డు, పప్పు, గడ్డ పెరుగు ఉండాలి. కిలో బరువుకి రోజుకి కనీసం ఒక గ్రాము ప్రోటీన్ అని డాక్టరు గారు రాసిన చీటీ జతచేశాను. రోజూ రెండు పూటలా వ్యాయామం చేయించండి, ముందు మంచం పక్కన నిలబెట్టడంతోనైనా మొదలుపెట్టండి.

15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌లో కేసు వేస్తాను. రిజిస్టర్ పేజీల ఫోటోలు నా దగ్గరున్నాయి.

ఇట్లు,
రెండో అంతస్తు, కిటికీ పక్క మంచం ఆవిడ కూతురు